కుంకుమ పెట్టని మడక

నా చిన్నప్పుడు, ఒక మహర్నవమి నాటి ఉదయం ఎనిమిది గంటలకు, మా కొట్టంలో మడక లేదని గమనించాను. అది ట్రాక్టరు వెనక తగిలించే పాత రెండు కర్రుల నాగలి. ఆయుధపూజకు దాన్ని కడగడం ఏటా నా పని. అప్పుడు మా తాతయ్య నా చేత కళ్లు మూయించి, దాన్ని వేళ్లతో గుర్తుపట్టించేవారు. మా పొలం గట్టు దగ్గరి బండ తగిలి కుడి కర్రు కొన వంగింది. చట్రం పగిలినచోట ఎద్దుల బండి చక్రానికుండే ఇనుప పట్టా ముక్కను అతికించారు. "ఇనుమంతా ఒకటే అనుకోవద్దు పాపా. చెయ్యి పెడితే అదే చెప్తాది" అనేవారు.

ఆ ఏడు మా ట్రాక్టరు దుక్కి మాని, ట్రాలీ తగిలించుకొని బళ్లారి గనుల నుంచి ఇనుప ఖనిజం మోస్తోంది. మడక ఏదని అడిగితే చిన్నాన్న, "సిరుగుప్పలో వెల్డింగుకు ఇచ్చిండాను, పండక్కు రాదులే" అన్నాడు. తాతయ్య పూజకు బూడిదగుమ్మడికాయ కొనడానికి నన్ను వెంటబెట్టుకొని బయలుదేరారు.

దారిలో పాత ఇనుము కొనే గుజిరీ అంగడి ఉంది. ఊరికి కొత్తగా వచ్చిన అంగడివాడు ఒక తుప్పు చట్రాన్ని చూపించి, "పెద్దప్పా, ఏంది ఇది? మైన్సు సామానా, బోరుబండిదా? నిన్న ఎవురో లారీలో తెచ్చి ఏసిపోయినారు" అని అడిగాడు.

నేను కూర్చొని కళ్లు మూసుకున్నాను. వంగిన కొన వేలికి తగిలింది. పట్టా ముక్క తగిలింది. కళ్లు తెరిచేసరికి అతుకు సందున నిరుటి కుంకుమ ఎండి ఉంది.

"ఇది మన మడకే తాతా!"

తాతయ్య బొటనవేలు ఆ అతుకు మీద కొంతసేపు నిలిచింది. "మనది కాదు పాపా. నడువు" అన్నారు.

"ఈ పాపను అడిగితే బళ్లారిలో ఇనుమంతా ఈళ్లదే అంటాది!" అని అంగడివాడు నవ్వాడు. నా వేళ్లే తప్పు చెప్పాయనుకొని దారి పొడవునా ఏడ్చాను.

సాయంత్రం అమ్మతో పొలానికి వెళ్లాను. గట్టు లేదు. నల్లరేగడి మీద ఎర్రటి ఖనిజం గుట్టలుగా పోసి ఉంది.

"ఖనిజం పోసే స్టాకుయార్డుకు పొలం ఇచ్చేసినారు" అంది అమ్మ. "ఈ పండక్కు కుంకుమ పెడితే మళ్లా ఏడాది దాకా అమ్మకూడదు గదా. అందుకే పండగ ముందే మడకను గుజిరీకి పంపిచ్చినారు."

"తాతకు తెలుసా?"

"పంపమన్నిందే ఆయప్ప."

చిన్నాన్న అబద్ధం నన్నంతగా బాధించలేదు. పొలం పోవడం కూడా, ఆ వయసులో, పూర్తిగా అర్థం కాలేదు. కళ్లు మూసుకొని కూడా తెలుసుకోవడం నేర్పిన మనిషే, నేను తెలుసుకున్నదాన్ని అంగడివాడి ముందు కాదన్నారు. అది మాత్రం అర్థమైంది.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని నేను. ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఒక పిల్ల సరిగ్గా చూసి చెప్పిన మాట నాకెంత ఇబ్బంది కలిగించినా, అవునంటాను.

ఆ మరుసటి ఏడు పూజలో ట్రాక్టరు వెనక ట్రాలీ ఒక్కటే ఉంది. ఆ తర్వాత తాతయ్య ఎప్పుడు కళ్లు మూసుకోమన్నా నేను మూసుకోలేదు.