నెట్లో రాసి సంపాదిస్తున్న ఆవిడ కోసం పర్చూరు దాకా

బ్లాగు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌కు నోట్సులు రాసిచ్చే ఉద్యోగం నాది. సాయంత్రాలు నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి కూర్చుని, తిరిగిన ఊళ్ల గురించి రాసుకుంటున్నాను. చదివేవాళ్లు ముప్పై నలభై మంది. అందులో సగం మంది తమ బ్లాగు కూడా చూడమని చెప్పడానికి వచ్చేవాళ్లే. ప్రకటనలు పెట్టుకుందామంటే తెలుగు బ్లాగులకు ఇంకా ఇవ్వడం లేదట. ఇలా ఉండగా హైదరాబాదు నుంచి ఒక ఏజెన్సీ వాళ్లు మెయిలు పంపారు. విత్తనాల మీద, పురుగు మందుల మీద తెలుగులో రాసిస్తే పోస్టుకు నాలుగు వందలు, నెలకు ఇరవై పోస్టులు. నా జీతం కన్నా ఎక్కువే. సోమవారం లోపు అవునో కాదో చెప్పమన్నారు. కోచింగ్ సెంటరంటే నాకెంత విసుగో మా ఇంటి గోడలకు కూడా తెలుసు. వెంటనే అవునని రాసేసేవాణ్ణే, కానీ ఆ ఏజెన్సీకి నాకన్నా ముందు రాసిన అరుణ గారిని ఒక మాట అడుగుదామనిపించింది.

అరుణ గారు పర్చూరు దగ్గర ఒక పల్లెకు కోడలు. డిగ్రీ చదివారు. ఇంట్లో పాత కంప్యూటరు, ఫోను లైను మీద నత్తనడక నెట్టు. మారుపేరుతో పొలం కబుర్లు రాసేవారు. నాట్లకు వచ్చిన ఆడవాళ్ల వేళాకోళాలు ఆవిడ రాస్తే, చదువుతూ నేను నెట్ సెంటర్లోనే పైకి నవ్విన రోజులున్నాయి. అలాంటి ఆవిడ అక్టోబరు తర్వాత బ్లాగులో ఒక్క ముక్క రాయలేదు. ఏజెన్సీ సంగతి అడుగుతూ మెయిలు పెడితే, "ఆదివారం రండి. మా వారు కూడా ఇంట్లోనే ఉంటారు. ఇది మెయిల్లో చెప్పేది కాదు" అని జవాబిచ్చారు.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం: గుంటూరు బస్టాండులో ఉదయం ఆరున్నరకు చిలకలూరిపేట బస్సెక్కాను. గంటకు పైనే పట్టింది. అక్కడ దిగి పర్చూరు బస్సు పట్టుకోవాలి. రెండు టికెట్లూ కలిపి నలభై రూపాయల లోపే. ఫిబ్రవరి కదా, ఊరు దాటే దాకా కోల్డ్ స్టోరేజీల ముందు మిరప బస్తాల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. బస్సులో సగం మంది తుమ్ముతూనే ఉన్నారు. చిలకలూరిపేట బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాను. వడ్డించే ఆవిడ ఏ ఊరో కనుక్కుని, అడక్కుండానే కారప్పొడి కుప్పగా వేసింది. కొంచెం తగ్గించమన్నాను. "గుంటూరు వాళ్లయ్యుండి కారం తగ్గించమంటారేందండీ" అని ఇంకో చెంచా వేసింది. ఆ రోజంతటికీ నేను నవ్వింది అక్కడే.

పర్చూరులో షేర్ ఆటో ఎక్కాను. ఊరి దాకా పది రూపాయలు. అరుణ గారి ఇంటికన్నాను. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏ అరుణమ్మండీ? కంప్యూటరున్న ఇల్లా?"

"అవును."

"మీరూ కంప్యూటరేనా? మంచి టైములో వచ్చార్లెండి. ఈ ఏడు మా ఊళ్లో ఎవరి మొహమ్మీదా నవ్వు లేదు."

రోడ్డు పక్క కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. కొన్ని చోట్ల మాత్రం కల్లం కట్టి, పట్టాలు పరిచి, వాటి మీద ఏమీ పోయలేదు. ఎందుకని అడిగేలోపే డ్రైవరు ఆటో ఆపి అరుణ గారి ఇల్లు చూపించాడు.

అరుణ గారు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. భర్త పలకరించి బయటికి వెళ్లారు. నేను నా లెక్కలు మొదలుపెట్టబోతే ఆవిడ ఆపేశారు.

"ముందు నేను చెప్పేది వినండి. పోయిన వేసవిలో ఆ ఏజెన్సీ వాళ్లు ఒక మిరప విత్తనం గురించి రాయమన్నారు. రైతు చెప్పినట్టుగా ఉండాలన్నారు. రైతు ఎవరండీ అంటే, మీరే ఎవర్నో ఒకర్ని రాసెయ్యండన్నారు. నరసరావుపేట దగ్గర కోటయ్య అని ఒకాయన్ని పుట్టించాను. ఇద్దరు ఆడపిల్లల తండ్రనీ, పంట డబ్బుతో పెద్దమ్మాయిని ఇంజనీరింగులో చేర్పించాడనీ రాశాను. బాగా రాశానండీ. అదే తప్పయింది."

ఆ పోస్టును పర్చూరులో విత్తనాల కొట్టు ఆయన ప్రింటు తీయించి, అట్ట కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడట. వచ్చిన ప్రతి రైతుకూ చదివి వినిపించాడట. ఈ ఊళ్లోనే పదిమంది దాకా ఆ విత్తనం వేశారు. మొక్క ఏపుగా పెరిగింది, కాపు మాత్రం రాలేదు. వేసినవాళ్లలో అరుణ గారి చినమామయ్య సుబ్బారావు గారు కూడా ఉన్నారు. మారుపేరు కాబట్టి ఆ రాత కోడలిదని ఆయనకు తెలియదు. నాట్లు పూర్తయ్యాక ఎవరి మాట విని వేశారని ఈవిడ అడిగితే, "కంప్యూటర్లో వచ్చిందమ్మా" అన్నారట.

"ఇంతవరకూ ఆయనకు చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెబుతాను. ఒక్కదాన్నే అయితే నోరు రావట్లేదు" అన్నారు అరుణ గారు. నన్నెందుకు రమ్మన్నారో అప్పుడర్థమైంది. భయం వేసింది. పారిపోవాలని కూడా అనిపించింది.

చేను ఇంటికి దగ్గరే. సుబ్బారావు గారు అరవై దాటిన మనిషి. తొడల దాకా పెరిగిన పచ్చటి మొక్కల్ని పీకి గట్టున వేస్తున్నారు. నేనెవరో చెప్పగానే చేతులు దులుపుకుని గబగబా వచ్చారు.

"నెట్లో రాస్తారాండీ? అయితే మీకు తెలిసే ఉంటది. వచ్చే ఏటికి ఏ గింజ వెయ్యమంటారు?"

"నాకు తెలియదండీ" అన్నాను మెల్లగా.

"తెలవకుండా ఎట్టా రాస్తారండీ?"

అప్పుడు అరుణ గారు ముందుకు వచ్చారు. "చినమామయ్యా, కొట్లో చదివారే, కోటయ్య సంగతి. అది రాసింది నేను. కోటయ్య లేడు. డబ్బులిస్తామంటే కల్పించి రాశాను."

సుబ్బారావు గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నవ్వారు.

"నా పంట పోయిందని నువ్వు మీద వేసుకుంటున్నావా అమ్మా? పిచ్చిపిల్లా. ఆ కోటయ్య గారు నరసరావుపేట దగ్గరని పేరుతో సహా చెప్పుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఆయనకు అబద్ధమాడాల్సిన పనేముంది? ఆయనకు కాసింది. నా చేల్లోనే ఏదో దోషముంది."

"నిజం మామయ్యా, నేనే..."

"ఇంక ఊరుకో అమ్మా." తర్వాత నా వైపు తిరిగారు. "మీరు గుంటూరు వాళ్లు. నరసరావుపేట మీకు ఎంతసేపండీ? ఆయన ఏ ఊళ్లో ఉంటాడో కాస్త కనుక్కోండి. ఏం ఎరువు వేశాడో, నీళ్లు ఎట్టా పెట్టాడో వెళ్లి అడిగొస్తా."

అరుణ గారు గట్టు మీద కూర్చుండిపోయారు. నేను నిజం చెప్పాల్సింది. మట్టి చేతులతో నా నంబరు అడుగుతున్న మనిషి ముందు నోట్లోంచి "కనుక్కుంటానండీ" అని వచ్చేసింది.

సాయంత్రం నాలుగింటికి పర్చూరులో తిరుగు బస్సెక్కి, చీకటి పడే వేళకు గుంటూరు చేరాను. సోమవారం ఏజెన్సీకి నా వల్ల కాదని రాశాను. దానికేమీ గొప్పగా అనిపించలేదు, ఇంకెవరో ఒప్పుకునే ఉంటారు. రాసి బతకాలన్న కోరిక మాత్రం చావలేదు. కానీ ఇన్నాళ్లూ నన్ను బాధపెట్టింది ఎవరూ చదవడం లేదన్న దిగులు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయడానికే చెయ్యి ఆడటం లేదు, ఎవరు చదివి నమ్ముతారోనని. నిన్న సుబ్బారావు గారు ఫోన్ చేశారు. కోటయ్య గారి ఆచూకీ దొరికిందా, నారు పోసేలోపు ఆయన్ని కలవాలి అన్నారు. అరుణ గారు మళ్లీ చెప్పి చూశారట. ఆయన ఈవిణ్ణే ఓదార్చి పంపారట.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. చేలో ఎవరైనా మిమ్మల్ని ఆపి ఏ గింజ వెయ్యాలని అడిగితే, తెలియదని గట్టిగా చెప్పండి. మెల్లగా చెబితే, తెలిసీ చెప్పడం లేదనుకుంటారు.