ఆమెన్ అనేదాకా ఎత్తిన చెయ్యి

రేడియేషన్ మొదలుపెట్టే ముందు ఒక స్కాన్ తీస్తారు. బల్ల మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తల పైకి పెట్టి, పావుగంట కదలకుండా ఉండాలి. నా కుడిచెయ్యి భుజం దాటి పైకి రాలేదు. రొమ్ముతోపాటు చంకలో గ్రంథులు తీసేసిన వైపు అది. "ఇలాగైతే కుదరదమ్మా. రెండు వారాల్లో చెయ్యి తెచ్చుకుని రండి, అంతకన్నా ఆలస్యం మంచిది కాదు" అని పంపించేశారు. చెయ్యి తెచ్చుకోవడమేమిటి, ఇంట్లో మర్చిపోయి వచ్చానా అని ఆటోలో బోయిగూడ ఇంటికి చేరేదాకా విసుక్కుంటూనే ఉన్నాను.

చెయ్యి అలా బిగుసుకుపోవడం మా ఇంట్లోనే జరిగింది. ఆపరేషనయ్యాక నన్ను చూసుకోవడానికి మా అక్క కాప్రా నుంచి వచ్చింది. ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఏ కాగితమైనా ఆసాంతం చదవందే సంతకం పెట్టదు. మర్నాటి నుంచే చెయ్యి కొద్దికొద్దిగా కదపాలని బొమ్మలేసి ఇచ్చిన ఆస్పత్రి కాగితం కూడా ఆసాంతం చదివింది. చదివి, మడిచి, బైబిల్లో పెట్టేసింది. "వాళ్ళకేం, బొమ్మలేసి ఇచ్చేస్తారు. పచ్చి ఒళ్ళు నీది" అంది.

మా ఇళ్ళలో కోత పడిన ఒళ్ళంటే బాలింత ఒళ్ళే. చెవుల్లో దూది పెట్టింది. వెల్లుల్లి కారంతో పథ్యం పెట్టింది. పాత తువ్వాలుతో కుడిచేతిని ఒంటికి చేర్చి కట్టి, మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన చర్చి ఆడవాళ్ళు ఆ కట్టు చూసి, అక్కంటే ఇలా ఉండాలని మెచ్చుకుని, టీ తాగి వెళ్ళారు. అలా మూడు వారాలు గడిచాయి.

నేనేమైనా చంటిపిల్లనా? ఇరవయ్యేడేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఆ కాగితం నేనూ చదివాను. కానీ అంతకుముందే నెలల తరబడి కీమో నడిచింది. నా ఒంట్లో మిగిలిందల్లా నీరసమే. కదలొద్దని ఎవరైనా అంటే చాలు, ప్రాణం లేచొచ్చేది.

అయినా, స్కాన్ కుదరక అక్కతో కలిసి వెళ్ళిన ఫిజియోథెరపీ గదిలో నేనేం చేశానో చెప్పాలి. అక్కడి అమ్మాయి నా చెయ్యి పట్టి చూసి, "ఏంది మేడం, గిట్ల బిగుసుకుపోయింది? మూడు వారాల సంది ఏం చేస్తలేరా?" అంది. నేను అక్క వైపు చూపించాను. "మా అక్క కదలనివ్వలేదు" అన్నాను. అక్క సంచీ ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పరేషాన్ కాకుండ్రి" అంది ఆ అమ్మాయి. "గోడకు వేళ్ళు పెట్టి మెల్లగ పైకి పాకించుండ్రి. అందినకాడ ఇరవై లెక్కపెట్టేదాక ఆపుండ్రి. జెర గుంజుతది, గంతే."

జెర కాదు. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తాడు బిగించి లాగినట్టుండేది. అక్క పక్కన నిలబడి, "అంకెలెందుకే, ప్రభువు ప్రార్థన చెప్తాను. ఆమెన్ అనేదాకా ఉంచు" అంది. మొదటిరోజు చర్చిలో చెప్పినంత నిదానంగానే చెప్పింది. రెండోరోజు నా మొహం చూసి కాస్త తొందరపడింది. నాలుగోరోజుకల్లా నా వేళ్ళు పైకి చేరాయో లేదో ఆమెన్ వచ్చేసేది. కాపీ కొట్టే పిల్లల్ని వెనక బెంచీలో ఉన్నా పట్టేసేదాన్ని, ఇది పట్టలేనా? పట్టాను. ఊరుకున్నాను. హాయిగా చెయ్యి దించేసుకునేదాన్ని.

పది రోజులకి మళ్ళీ వెళ్తే ఆ అమ్మాయి చెయ్యి ఎత్తించి చూసింది. చెవి దాకా వెళ్ళింది, వెళ్ళినంత వేగంగా జారిపోయింది. "పైకైతే వస్తుంది మేడం, నిలుస్తలేదు. స్కాన్ల పావుగంట ఎట్లుంటరు? ఇంట్ల ఎవరు లెక్కపెడుతున్నరు?" అని అడిగింది. అక్క సంచీ అందుకుని లేచింది. ఇంక నాలుగు రోజులే ఉన్నాయి.

ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకుండా మంచం మీద వాలాను. ఇంక నావల్ల కాదు, రేడియేషనూ వద్దు ఏమీ వద్దు అన్నాను. నిజంగానే అన్నాను. అక్క తల వైపు వచ్చి కూర్చుంది. నా చేతిని మెల్లగా తల పైకి తీసుకెళ్ళి, కింద దిండు పెట్టి, మణికట్టు పట్టుకుంది. లాగలేదు, జారిపోనివ్వలేదు. ప్రార్థన మొదలుపెట్టింది, నిదానంగా.

సగంలో చాలన్నాను. ఆపలేదు. "నీకు కోత పడితే తెలిసేది!" అని అరిచాను. ప్రార్థన మధ్యలో అనకూడని మాటలు ఇంకా అన్నాను. ఆమె కన్నీళ్ళు నా నుదుటి మీద పడ్డాయి. అయినా తొందరపడలేదు. ఆమెన్ అంది. అన్నాక కూడా వదల్లేదు, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

నాలుగు రోజులూ అంతే. పొద్దునా సాయంత్రం నేను అరిచేదాన్ని, ఆమె ఏడ్చేది.

స్కాన్ రోజున చెయ్యి వణికింది, కానీ నిలిచింది. ఒంటి మీద సిరాతో గుర్తులు పెట్టి, రేడియేషన్ అయ్యేదాకా ఈ వ్యాయామం రోజూ రెండు పూటలా మానొద్దని చెప్పి పంపారు. బయట వరండాలో అక్క నన్ను చూసి లేచింది. స్కాన్ అయిందా అని అడగలేదు.

"ఇంక నిన్ను ఏడిపించక్కర్లేదు కదే?" అంది.

"అక్కర్లేదక్కా" అన్నాను. ఆ రెండు పూటల లెక్కా ఇంక నేనే పెట్టుకోవాలి.