కెట్లీ గారి ఒంటి మీట మెషీన్

ఆస్బర్ట్ కెట్లీ భూమి పొరల్లోంచి గెలుచుకున్న మొట్టమొదటి సంపద ఒక ఇత్తడి బొత్తాం. దానికోసం ఆయన ఇంగ్లండులోని నార్ఫోక్ బురదలో నాలుగు నెలలు తిరిగి, రెండు జతల బూట్లు అరగదీసి, ఒక మోకాలు పాడుచేసుకున్నాడు. అది ఏ సేనాపతి కోటుదో అయి ఉంటుందని ఆయన ఊహ. ఏ పాలేరు లాగుదో అని భార్య ఈనిడ్ ఊహ.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన ఈ మనిషి ఘనకార్యాలు వరసగా చెప్పుకోదగ్గవే. పందొమ్మిదేళ్ళలో తవ్వి తీసిన బీరు డబ్బాల రింగులు రెండు బిస్కెట్ డబ్బాల నిండా ఉన్నాయి. సీసపు తుపాకీ గుళ్ళు ఒక మేజోడు నిండా ఉన్నాయి. వెండి నాణెం ఒకటుంది, అదీ సగమే. మిగతా సగం ఆయన పార దెబ్బకే ఎగిరిపోయింది. తవ్విన ప్రతి గోతినీ గడ్డిచెక్కతో సహా మళ్ళీ పూడ్చాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని వెక్కిరించడానికి వీల్లేదు.

అన్నింటికీ మించిన ఘనకార్యం, పాతది మూలపడ్డాక, నేలలోని లోహాన్ని పసిగట్టి కూసే మెషీన్ మరొకటి చవకలో ఎంచుకోవడం. నవంబరులో మొదలుపెట్టి మార్చిలో ముగించాడు. దుకాణంలో ఉన్న ప్రతి మెషీన్‌నూ చేతికి తగిలించుకుని తివాచీ మీద అటూ ఇటూ ఊపేవాడు. ఆయన కారు కనపడగానే దుకాణదారు వెనకగదిలోకి తప్పుకునేవాడు.

"నన్ను చేసుకునేటప్పుడు ఇందులో పదోవంతు ఆలోచించినా, నేను బతికిపోయేదాన్ని" అంది ఈనిడ్.

చివరికి కొన్నది ఎవరో మోజు తీరి అమ్ముకున్న పాతది. దానికి ఒకే మీట. ఎడమకి తిప్పితే అన్ని లోహాలకూ కూస్తుంది, కుడికి తిప్పితే ఇనుమును పట్టించుకోదు. పొలాల నిండా మేకులే కాబట్టి ఈ సరదా ఉన్నవాళ్ళెవరూ ఇనుము మాట వినరు. ఆస్బర్ట్ మీటను కుడికి తిప్పి, కదలకుండా టేపు అంటించాడు.

ఇలా తవ్వుకునేవాళ్ళ క్లబ్బులో తోటి సభ్యుడు రూపర్ట్ డాలింజర్ దాన్ని ఎగాదిగా చూశాడు. రూపర్ట్ మెషీన్ ఖరీదు పెడితే ఓ మాదిరి కారు వస్తుంది.

"బొమ్మ ముద్దుగా ఉంది ఆస్బర్ట్. మనవడిదా?"

"నీదానికి చదువెక్కువ రూపర్ట్. నాదానికి చెవులున్నాయి."

ఆగస్టు ఆఖర్న గోధుమ కోతలయ్యాయి. నలభై ఏళ్ళుగా ఎవర్నీ అడుగు పెట్టనివ్వని చాపెల్ పొలాన్ని, మళ్ళీ విత్తేదాకా వెతుక్కోవడానికి ఒక్కరికి మాత్రం ఇస్తానన్నాడు రైతు గాదర్‌కోల్. వాళ్ళ తాతకు ఆ చాళ్ళలో రోమన్ నాణేలు దొరికాయని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆస్బర్ట్‌కు డెబ్బై ఆరేళ్ళు. ఆ గేటు ఇంకోసారి తెరుచుకునేదాకా తన మోకాళ్ళు ఆగవని ఆయనకు తెలుసు.

పోటీకి మిగిలింది ఆయనా, రూపర్టూ. ఇద్దర్నీ గేటు దగ్గర నిలబెట్టి గాదర్‌కోల్ షరతు చెప్పాడు.

"ఆ మూల ట్రాక్టరుకి నా ట్రైలర్ తగిలించే పిన్ను పడిపోయింది. ముందు ఎవరు తెచ్చిస్తే పొలం వాళ్ళది."

గంటన్నర గడిచింది. రెండు మెషీన్లూ మౌనవ్రతం పట్టాయి. గట్టు మీద గుడ్డు శాండ్‌విచ్ తింటున్న ఈనిడ్ నోరు తుడుచుకుంది.

"మిస్టర్ గాదర్‌కోల్, ఆ పిన్ను దేంతో చేసిందండీ?"

"ఇనుమేనమ్మా. ట్రైలర్‌కి బంగారం పెట్టిస్తానా?"

చేలో నిపుణులిద్దరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

రూపర్ట్ తన మెషీన్ తెర మీద ఇనుముకు కూసే అమరిక ఏ పట్టికలో దాగుందో వెతకసాగాడు. కళ్ళద్దాలు కార్లో ఉండిపోయాయి. ఆస్బర్ట్ గోటితో టేపు పీకి మీట ఎడమకి తిప్పాడు. మెషీన్ మేకపిల్లలా అరుపు లంకించుకుంది. అయిదు మేకులు, ఒక గుర్రపు నాడా, ఆ తర్వాత పిన్ను. రూపర్ట్ మూడుసార్లు, తాను నాలుగుసార్లు దాటి వెళ్ళిన చోటే ఉంది.

"అందుకేగా దీన్ని కొన్నది! అయిదు నెలలు ఊరికే ఆలోచించానా?" అన్నాడు ఆస్బర్ట్, ఛాతీ విరుచుకుని.

"ఆలోచించావులే. ఇనుము గుర్తుచేయడానికి మాత్రం నేను కావాల్సొచ్చింది."

ఆ సాయంత్రమే ఆయన పొలం అంచున గుడారం వేసుకున్నాడు. ఇప్పటిదాకా దొరికినవి ట్రాక్టరు నట్లు పదకొండు, వంకర చెంచా ఒకటి. ఈనిడ్ రోజూ భోజనం గేటు దగ్గర పెట్టి వస్తోంది. ఆయన ఇంట్లో ఉన్నాడా అని ఎవరైనా ఫోన్ చేస్తే ఆవిడ చెప్పేది ఒకటే. విత్తనాల యంత్రం పొలంలో దిగేరోజే మనిషి ఇల్లు చేరేది: అక్టోబరు తొమ్మిది, శుక్రవారం.