నూటమూడు మైళ్ళ బావగారు

మా బావగారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు తెచ్చాడు. అవనిగడ్డ నుంచి పామర్రు మీదుగా గుడివాడ వచ్చే మొదటి బస్సు అతనిది. నేను బడికి బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాను. అతను వీధి గుమ్మంలో నిలబడి, సంచీ వెనక్కి తోసుకుని, చేతులు కట్టుకున్నాడు.

"మేష్టారండీ, ఓవర్సీరుగారు తెల్లారుజామున పోయారండి. అక్కగారు మిమ్మల్ని ఇదే బస్సులో తీసుకురమ్మన్నారండి."

"ఏ ఓవర్సీరుగారు?" అన్నాను. తెలిసే అడిగాను. అలా అడిగితే ఇంకొకరెవరో అవుతారేమోనన్న ఆశ.

"అదేనండీ, మోటారు సైకిలు మీద నూటమూడు కొట్టిన ఓవర్సీరుగారండి."

చావు కబురులో కూడా ఆ అంకె నన్ను వదల్లేదు. ఏడుపు రావలసిన చోట ఒళ్ళు మండింది. పామర్రు దాకా ఆయన మీద కోపంతోనే కూర్చున్నాను. పామర్రు దాటాక, కోప్పడటానికి ఇక ఆయన లేరని గుర్తొచ్చింది. పక్క సీటాయన చూడకుండా కండువాతో మొహం తుడుచుకున్నాను.

ఆ నూటమూడు సంగతి దివిసీమలో తెలియనివాళ్ళు తక్కువ. దాని వెనక ఉన్న నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ ఇన్నేళ్ళూ గడిపాను. ఇవాళ మీ ముందు పెట్టేస్తున్నాను. ఇది ఆయనకి చెప్పవలసిన మాట. ఆలస్యం చేశాను గనక మీకు చెప్పుకోవలసి వస్తోంది.

ఆయన మా అక్క భర్త. కాలవల మీద ఓవర్సీరు. గట్లు, లాకులు, తూములు చూసుకోవడం ఆయన పని. ఆ పనికి సైకిలు చాలు. తోటివాళ్ళందరికీ సైకిళ్ళే. ఈయన మాత్రం మద్రాసు వెళ్ళి, తన దేశం వెళ్ళిపోతున్న ఓ దొర దగ్గర ఇంగ్లీషు పందెపు బండి కొనుక్కొచ్చారు. అయిదొందల సీసీ, ఒకటే సిలిండరు, మొహం కనిపించేంత మెరిసే ట్యాంకు. హ్యాండిలు ఎంత కిందికి వంగి ఉండేదంటే, దాని మీద కూర్చున్నవాడు నేల మీద పడిన సూదిని వెతుక్కుంటున్నట్టు ఉండేవాడు. ఆరడుగుల మనిషి, పంచె గోచీ పెట్టి, ఆ భంగిమలో కాలవ గట్టు మీద వస్తుంటే గేదెలు కూడా తలెత్తి చూసేవి.

దాన్ని స్టార్టు చెయ్యడం ఒక క్రతువు. కార్బురేటరు మీద చిన్న బొడిపె నొక్కి, పెట్రోలు తడి వేలికి తగిలేదాకా ఆగాలి. హ్యాండిలు మీది ఒక లివరు వెనక్కి తిప్పాలి. ఇంకో లివరు పట్టుకుని, కిక్కుని మెల్లిగా దించి, పిస్టను ఎక్కడుందో పాదంతో కనిపెట్టాలి. అప్పుడు ఒకే ఒక్క తన్ను, నిండుగా, మధ్యలో జంకకుండా. జంకితే అది ఎదురు తంతుంది. నేను ఒకసారి జంకాను. మూడు వారాలు కుంటుకుంటూ బడికి వెళ్ళాను. బావగారు ఓదార్చకపోగా, "సగం మనసుతో తంతే దానికి కోపమోయ్" అన్నారు.

స్టార్టయ్యాక సుఖమా అంటే అదీ లేదు. గంటకి పాతిక మైళ్ళ వేగం లోపు అది బండి కాదు, మంచాన పడ్డ మనిషి. మొదటి గేరే ఎంత పెద్దదంటే, ఎడ్లబండి వెనక పడ్డామా, క్లచ్చి మాడిన వాసన వచ్చేది. ప్లగ్గు మసి పట్టేది. ఇంజను కాగిపోయేది. ఆగితే ఆరిపోయేది, ఆరిపోతే మళ్ళీ క్రతువు. నిలబెడితే నూనె కారేది. అక్క వసారాలో దాని కింద ఓ పాత మూకుడు పెట్టి, రోజూ పొద్దున్నే ముగ్గు వేశాక ఆ మూకుడు తుడిచేది. "ఈ జాగాలో గేదెని కట్టేసినా మేలేరా, పాలన్నా వచ్చేవి" అనేది నాతో.

బందరులో ఒక సాయిబుగారు దాన్ని విప్పి, కడిగి, బిగించేవారు. మూడేళ్ళు చూసి ఒకరోజు స్పానరు కింద పెట్టేశారు. "ఓవర్సీరుగారూ, దీనికి జబ్బేం లేదండి. జబ్బు మన రోడ్లకండి. దీన్ని పరిగెత్తడానికి చేశారు, మీరు నడిపిస్తున్నారు." ఆ మాట బావగారికి చాలా నచ్చింది. దాన్ని ఊరంతా చెప్పుకున్నారు. నడిపించడం మాత్రం మానలేదు.

ఆయనతో వెళ్ళిన ప్రయాణాల్లో నాకు ఇప్పటికీ కడుపు మండేది ఒకటుంది. చల్లపల్లి అవతల ఓ పెళ్ళికి వెళ్తున్నాం. మినుము తీసే రోజులు. మా వైపు ఎండిన మినుము మొక్కల్ని రోడ్డు మీద పరిచేస్తారు. బస్సులూ లారీలూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. ఆ రోజు బస్సు రాలేదు. తలగుడ్డ చుట్టుకున్న ఓ ముసలావిడ రోడ్డుకి అడ్డంగా నిలబడింది.

"ఓవర్సీరుగారండీ, పొద్దుటి నుంచి ఒక్క చక్రం రాలేదండి. ఓ నాలుగు చుట్లు తొక్కించి పోండి బాబూ, పుణ్యముంటుంది."

బావగారు నన్ను దిగమన్నారు. పందెపు బండితో ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి, మనిషి నడక వేగంతో, అర్ధగంట సేపు మినుములు తొక్కారు. నేను ఇస్త్రీ బట్టల్లో ఎండలో నిలబడ్డాను. ఇంజను కాగి ఆగిపోయింది. పెళ్ళికి మైలు దూరం దాన్ని తోసుకుంటూ వెళ్ళాం. ముసలావిడ కట్టి ఇచ్చిన మినుముల మూట నా చేతిలో. ముహూర్తం దాటిపోయింది.

"వంద మైళ్ళు వెళ్ళే బండితో మినుములు రాల్చడమేమిటండీ?" అని అరిచాను.

ఆయన ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, "వంద వెళ్తుందని నువ్వు చూశావా?" అన్నారు.

వంద దాటుతుందని బండితో పాటు వచ్చిన పుస్తకంలో ఉంది. ఆయన నమ్మేవారు కారు. గేజి చూడందే అంకె చెప్పకూడదన్నది ఆయన పట్టుదల. లాకు దగ్గర నీటిమట్టం కొలిచే రాయిని గేజి అంటారు. కాలవ కాపలా చూసే లస్కరు పొద్దునా సాయంత్రం వెళ్ళి, నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో చూసొచ్చి పుస్తకంలో వేస్తాడు. ఒక వానరోజు నేను అక్కడే ఉన్నాను. లస్కరు చూరు కింద కూర్చునే అంకె వేసేశాడు. బావగారు తిట్టలేదు, అబద్ధం వేశావనీ అనలేదు. "ఎంతుందిరా?" అనడిగారు. వాడు చెప్పాడు. కాసేపు వాన చూసి మళ్ళీ, "ఎంతుందిరా?" అన్నారు. అదే గొంతు. నాలుగోసారికి వాడే తాటాకు గొడుగు తీసుకుని లేచాడు. తిరిగొచ్చి చెప్పిన అంకె కూడా మొదటిదే. "అంకె తప్పని కాదోయ్, చూడలేదని" అన్నారు నాతో.

ఇంత చాదస్తం ఉన్న మనిషికి రుణపడటం మరీ కష్టం. నాకు టైఫాయిడు వచ్చి ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నప్పుడు, వానలో బందరు నుంచి డాక్టరుగారిని వెనక కూర్చోబెట్టుకుని గుడివాడ తెచ్చింది ఆయనే. ఆ రోజు బండి మొదటి తన్నుకే లేచిందట. డాక్టరుగారు దిగాక కాసేపు గోడ పట్టుకుని నిలబడి, ఆ తర్వాత నా నాడి చూశారట. అందుకని బావగారు ఏం అడిగినా కాదనలేకపోయేవాణ్ణి.

ఒక వేసవిలో అడిగారు. కాలవలకి నీళ్ళు కట్టేశారు, ఆయనకి పని తక్కువ. "పాలకాయతిప్ప దగ్గర సముద్రం ఆటు సమయంలో తడి ఇసుక సిమెంటులా ఉంటుందోయ్. రెండు మైళ్ళు ఎడ్లబండి లేదు, మినుము లేదు. దీన్ని ఒక్కసారి పరిగెత్తిద్దాం. నువ్వు వెనక కూర్చుని మీటరు చూడాలి."

నలభై దాటాక ఆయనకి దగ్గరి అంకెలు కళ్ళద్దాలు లేందే ఆనేవి కావు. ఆ గాలికి కళ్ళద్దాలు నిలవవు. "నీ బరువు ఓ అయిదు మైళ్ళు తినేస్తుంది. అయినా ఫర్వాలేదు. లెక్కల మేష్టారు చూసి చెప్పాడంటే ఇంక తిరుగుండదు."

హంసలదీవి నుంచి జాలర్లు నలుగురు సాయం వచ్చి, పొడి ఇసుకలో తాటాకులు పరిచి బండిని నీటి అంచుకి తోశారు. బావగారు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, గుండీ వేసుకున్నారు. ఒక్క తన్ను. బయల్దేరాం.

ముప్ఫై దగ్గర దగ్గింది. నలభై దగ్గర ఒళ్ళంతా వణికింది, నా పళ్ళు టకటకమన్నాయి. అరవై దాటింది. అప్పుడు జరిగింది నేను ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వణుకంతా పోయింది. దగ్గు పోయింది. ఎన్నేళ్ళుగానో తిడుతూ వచ్చిన ఆ బండి ఒక్కసారి నిమ్మళించి, ఒకే గొంతుతో పాడటం మొదలుపెట్టింది. ఆయన ట్యాంకు మీదికి వాలిపోయారు. భుజం మీదుగా మీటరు చూశాను. డెబ్భై. డెబ్భై ఎనిమిది. సముద్రం ఒక పక్క గీతలా అయిపోయింది. ఎనభై నాలుగు. అక్కడ ఓ పల్చటి నీటి పాయ అడ్డొచ్చింది. నీళ్ళు గులకరాళ్ళలా మొహాన్ని కొట్టాయి. కళ్ళు మూసుకున్నాను.

తెరవలేదు. బండి ఇంకా లాగుతూనే ఉంది, గొంతు ఇంకా పైకి వెళ్తూనే ఉంది, నేను చూడలేదు. నా పని అదొక్కటే.

ఆగాక ఆయన దిగి, కళ్ళద్దాలు పెట్టుకుని నా వైపు తిరిగారు. కళ్ళ నుంచి చెవుల దాకా నీళ్ళ చారలు. చిన్నపిల్లాడి మొహం.

"ఎంతొచ్చింది?"

వంద అంటే గుండ్రంగా ఉండి అబద్ధంలా వినిపిస్తుంది. ఆ మాత్రం లెక్కలు నాకు వచ్చు. "నూటమూడండీ" అన్నాను.

"గేజి చూశావుగా?"

"చూశానండి."

ఆయన కాసేపు సముద్రం వైపు చూసి, "సరే" అన్నారు. అప్పటికి పరిగెత్తుకొచ్చిన జాలర్లు ఆ అంకెను అందుకుని కేకలు పెట్టారు. మేం ఇల్లు చేరేలోపే అది అవనిగడ్డ చేరింది.

ఇక అక్కణ్ణుంచి మొదలయ్యాయి నా తిప్పలు. కాఫీ హోటల్లో, పెళ్ళి పందిట్లో, బస్సులో, నలుగురున్న చోట, ఎవరూ లేని చోట, "ఏమోయ్ మేష్టారూ, ఆ రోజు ఎంతొచ్చింది?" అనేవారు. నేను "నూటమూడండీ" అనాలి. ఇంత మనిషికి ఇంత గొప్పలేమిటని విసుక్కునేవాణ్ణి. అంత ఇదిగా ఉంటే ఇంకోసారి వెళ్ళి కొలుద్దామని నేనే అడిగాను. "మళ్ళీ ఎందుకోయ్, చూశావుగా" అన్నారు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి అక్క కాఫీ తెచ్చింది. రెండోసారి ఎవరూ ఏమీ తేలేదు, నాకే ధైర్యం చాలలేదు.

పోయిన నెల చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన మంచం మీద ఉన్నారు. మాటకి ఆయాసం. అయినా నా చెయ్యి పట్టుకుని, "ఎంతొచ్చిందోయ్?" అన్నారు. ఈ స్థితిలో కూడా ఇదేనా అని చిరాకొచ్చింది. "నూటమూడండీ బావగారూ" అన్నాను. ఆయన నవ్వి, చెయ్యి వదిలేశారు.

పదకొండో రోజు బంధువులంతా వెళ్ళాక అక్కా నేనూ వసారాలో కూర్చున్నాం. బండి అక్కడే ఉంది, కింద మూకుడు. తట్టుకోలేక చెప్పేశాను. అక్కా, ఆ రోజు నేను మీటరు చూడలేదు, కళ్ళు మూసుకున్నాను అని.

అక్క ఆశ్చర్యపోలేదు. "ఆయనకి తెలుసురా" అంది. "ఆ రోజు ఇంటికి రాగానే చెప్పారు. 'మీ తమ్ముడు కళ్ళు మూసుకున్నాడే. వాడి నుదురు నా వీపుకి గుచ్చుకునే ఉంది, బండి ఆగేదాకా' అన్నారు. మరి అడగలేకపోయారా అన్నాను. 'అడుగుతూనే ఉంటాలే, వాడే చెప్తాడు' అన్నారు."

వానలో లస్కరు గుర్తొచ్చాడు. వాడికి నాలుగుసార్లు సరిపోయింది. నన్ను పదేళ్ళు అడిగారు. మంచం మీద నుంచి కూడా అడిగారు. నేను చూరు కింద నుంచి లేవలేదు. గొప్పలు చెప్పుకుంటున్నారని ఆయన్నే విసుక్కున్నాను. ఇప్పుడు ఎవరి మీద విసుక్కోను?

అక్క లోపలికి వెళ్ళింది. నేను లేచి బండి దగ్గరికి వెళ్ళాను. వెనక సీటు మీద, ఆ రోజు కూర్చున్నట్టే కూర్చున్నాను. నా ముందు వీపు లేదు. మీటరు తిన్నగా కనిపిస్తోంది. అద్దం మీద దుమ్ము ఉంటే కండువాతో తుడిచాను. కళ్ళు బాగా తెరిచి, ముల్లు ఎక్కడుందో చూశాను.

"సున్నా అండీ బావగారూ" అన్నాను. "చూసే చెప్తున్నాను."

కింద మూకుట్లో నూనె బొట్టు పడింది.