ఆరో మనిషికి వదిలిన చోటు

మొన్న శుక్రవారం కువైట్‌లో, ఫింటాస్‌లోని మా ఫ్లాటుకి కొత్త సోఫా వచ్చింది. రోడ్డు మీద నిలబెట్టిన యంత్రపు నిచ్చెన ఎక్కి, బాల్కనీలోంచి, పల్లకీ దిగే పెళ్ళికూతురిలా వయ్యారంగా హాల్లోకి దిగింది. తెచ్చిన ఇద్దరు కుర్రాళ్ళూ చెవుల్లో ఏవో బిరడాలు బిగించుకుని, ఒకరితో ఒకరు ముక్కయినా మాట్లాడకుండా దాన్ని గోడకి ఆనించి వెళ్ళిపోయారు. అంత బరువు అంత నిశ్శబ్దంగా ఇంట్లోకి వచ్చినందుకు మా ఆవిడ మురిసిపోయింది గాని, నేను మాత్రం దాని మీద కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను. మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో బరువన్నది గొంతు వినబడితేగాని లేచేది కాదు.

నేను కువైట్‌లో దిగిన కొత్తలో సులైబియాలో ఒక బియ్యం గోడౌన్‌లో బస్తాల లెక్క రాసేవాణ్ణి. మా మేనమామ అక్కడ హమాలీ మేస్త్రీ. ఆయన కింద ఐదుగురు: ఆయన కొడుకు, అంటే మా అక్క మొగుడైన మా బావ, కడప నుంచి వచ్చిన ఒక అన్న, మిగతా ముగ్గురూ మా కోనసీమవాళ్ళే. మామ ‘హైలెస్సా’ అని లాగాడంటే సులైబియాలో బస్తాలు లేవడం సరే, అబ్బాసియాలో మెస్సుల్లో ఇడ్లీలు కూడా ఒక అంగుళం పొంగేవి. ఆయన గొంతు పడితే తప్ప ఆ ఐదుగురి మోకాళ్ళూ మడత విప్పేవి కావు. వరసలో ఎడమ నుంచి రెండో చోటు ఆయనది, అందులో ఇంకొకరు నిలబడగా నేను చూడలేదు.

ఒక వేసవిలో మామ మధ్యాహ్నం అన్నం తిని, బస్తాకి ఆనుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన్ని పెట్టెలో ఇంటికి పంపించి మళ్ళీ పనిలోకి దిగినప్పుడు ఐదుగురూ ఆ రెండో చోటు ఖాళీగా వదిలేసి నిలబడ్డారు. పాట ఎవరు అందుకుంటారా అని నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎవరూ అందుకోలేదు. ఐదు తలలూ ఆ ఖాళీ వైపు కాస్త వంగాయి, అంతే, ఐదుగురూ ఒక్కసారిగా లేచారు. వాళ్ళకి లెమ్మని చెప్పిందెవరని కడప అన్నని పక్కకి పిలిచి అడిగాను.

“ఏందబ్బా కొత్తగా అడుగుతుండావు? మేస్త్రీనే గదా,” అని బస్తా సర్దుకుని వెళ్ళిపోయాడు.

అంతలో గోడౌన్‌కి ఫోర్క్‌లిఫ్టులు వచ్చాయి. హమాలీలు ఖలాస్, ఇక అక్కర్లేదు, అన్నాడు మా కఫీల్, మా వీసాలు చేతిలో ఉన్న యజమాని. మా బావకి దీనికంటే పెద్ద పిడుగు లేదు. అక్క ఫింటాస్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి ఏడాదైనా కాలేదు, ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, దయతలచి శుక్రవారం సెలవిస్తేనే మొగుడి ముఖం చూసేది. బావని విమానం ఎక్కించేస్తే ఈ దేశంలో ఆమె ఒక్కతే మిగిలిపోతుంది.

సరిగ్గా అప్పుడు, యంత్రాల తర్వాత కఫీల్‌గారికున్న రెండో పిచ్చి మావాళ్ళని ఆదుకుంది. ఆయన అమెరికాలో చదువుకుని చదువు అక్కడే వదిలేసి ఆటని వెంట తెచ్చుకున్నాడు. దాన్నీ ఫుట్‌బాలే అంటారు గాని, అందులో బంతికంటే మనుషులే ఎక్కువ దెబ్బలు తింటారు. నెలజీతాలిచ్చి ఒక జట్టునే పోషించేవాడు. ముందు ఐదుగురు గోడలా నిలబడి, వెనకాల బంతి విసిరేవాడి మీద ఎవరూ పడకుండా కాయాలి. అంతకుముందున్న గోడ, ఒక్కొక్కడూ కూర్చుంటే కుర్చీ సెలవు చీటీ రాసేంతటివాళ్ళు, పక్కదేశం జట్టు పిలవగానే మూకుమ్మడిగా వెళ్ళిపోయింది. పోటీలు ముంచుకొస్తున్నాయి. కఫీల్ కళ్ళు మావాళ్ళు ఐదుగురి భుజాల మీద పడ్డాయి. సన్నాహపు మ్యాచ్‌లో గోడ నిలబడితే ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ఉంటుంది, కూలితే ఇంటికి టికెట్టే అన్నాడు.

కోచ్ అమెరికావాడు. నేను దుబాసీని. నా ఇంగ్లీషు ఎంత గొప్పదంటే, ఆయన తిట్లు నా నోట్లోంచి తెలుగులో ఆశీర్వచనాలై వెలువడేవి. తలకి టోపీలు, భుజాలకి ప్లాస్టిక్ డొప్పలు తగిలించి నిలబెడితే మావాళ్ళు అచ్చం యమదూతల్లాగే ఉన్నారు గాని, చిక్కల్లా రెండే. లేవమన్న గుర్తుగా వెనకవాడు అరబ్బీలో అంకెలు అరుస్తుంటే ఒక్కడూ కదిలేవాడు కాదు. పైగా ఎడమ నుంచి రెండో చోటు ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఆ సందులోంచి దూరి ఎదుటివాడు తిన్నగా కఫీల్ తమ్ముడి మీదికే పోవచ్చు, బంతి విసిరేవాడు అతనే మరి. కాస్త దగ్గరికి జరగమని నేను బతిమాలితే బావ నావైపు చూడకుండానే అన్నాడు:

“మా నాన్న చోటురా అది. కాలెట్టి తొక్కమంటావేంటి?”

మ్యాచ్ శుక్రవారం సాయంత్రం. అక్క కూడా వచ్చి సిమెంటు మెట్ల మీద కొంగు బిగించుకుని కూర్చుంది. ఆట మొదలైన కాసేపటికే పడమటి ఆకాశం ఇటికరంగుకి తిరిగింది. దుమ్ము ఎంత చిక్కగా దిగిందంటే నా చెయ్యి నాకే అపరిచితుడిలా కనబడింది. ఈ ఒక్క బంతీ అయ్యాక ఆపుదామని రిఫరీ చెయ్యి ఎత్తాడు. ఆ మసకలో మా ఐదు టోపీలూ మెల్లిగా ఖాళీ వైపు వంగడం చూశాను.

గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరూ అంకెలు అరవలేదు. అయినా గోడ లేచింది. ఎదుటిజట్టు నుంచి దున్నలాంటివాడొకడు నేరుగా ఆ సందులోకి దూకి, దేనికో తగిలి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి కూలబడ్డాడు. అతని ముందు మనిషన్నవాడు లేడు.

తప్పు జరిగిందని రిఫరీ పసుపు గుడ్డ విసిరాడు. మా జట్టులో ఒకడు ఎక్కువున్నాడట. దుమ్ము పలచబడ్డాక లెక్కపెడితే సరిగ్గానే ఉన్నారు. మళ్ళీ లెక్కపెట్టి, వేళ్ళు ముడుచుకుని, గుడ్డ తీసి జేబులో పెట్టుకుని, దుమ్ము తగ్గింది గనక ఆట సాగించమన్నాడు. కఫీల్ తమ్ముడు మాత్రం టోపీ తీసి ముందున్న వీపుల్ని చూస్తూ “సిత్తా, సిత్తా,” అంటూనే ఉన్నాడు. సిత్తా అంటే ఆరు. కూలబడ్డవాడు ఛాతీ రుద్దుకుంటూ, ఇక్కడ గోనెసంచుల వాసన ఎందుకొస్తోందని హిందీలో అడిగాడు.

“ఉండాడులే,” అన్నాడు కడప అన్న తృప్తిగా.

కోచ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. తనేం చూశాడో తనకే తెలియదట. కానీ గోడన్నది వెనకవాడి మాట వినాలి, మరొకరి మాట కాదు. వచ్చే బంతికి ఆ సందు పూడాలి, లేదా ఐదుగురూ బట్టలు మార్చుకుని వెళ్ళిపోవాలి. ఆ మాటని ఎంత తియ్యగా తిప్పి చెబుదామన్నా తెలుగులో తీపి దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

బావ మెట్ల వైపు చూశాడు. అక్క లేచి నిలబడి ఉంది. అతను వంగి ఆ ఖాళీ నేలని వేళ్ళతో తాకి కళ్ళకి అద్దుకుని, పక్కన మనిషితో అన్నట్టే నెమ్మదిగా అన్నాడు:

“కాస్త జరుగు నాన్నా.”

అని అడుగు వేశాడు. మిగతా నలుగురూ కళ్ళు దించుకుని అతని వైపు సర్దుకున్నారు. కఫీల్ తమ్ముడు అంకెలు చదివాడు, గోడ అతని మాట మీదే లేచింది, ఆ సాయంత్రమంతా కూలలేదు. కఫీల్ చప్పట్లు కొట్టాడు. మామా ఇచ్చిన సెలవు ముగిసిపోతోందని అక్క ఏడుస్తూనే బస్సుకి పరిగెత్తింది.

బావ ఉండిపోయాడు. గోడ కూడా చాన్నాళ్ళే నిలబడింది. కానీ ఆ రోజు తర్వాత ఆ తలలు ఎటూ వంగలేదు. ఇప్పుడు గోడౌన్లలో యంత్రాలు కీచుమంటున్నాయి, జట్లలో ఈలలు మోగుతున్నాయి, ఒక మనిషి పోతే సాయంత్రానికల్లా ఆ చోటు పూడిపోతోంది, అలా పూడాలి కూడా, లేకపోతే మనం నిలబడలేం. మా తరం అది ఒప్పుకోవడానికి కాస్త ఆలస్యం చేసింది, అంతే. బావ కూడా నెరిసిపోయాడు. ఎప్పుడైనా పడమట ఇటికరంగు కమ్మితే ఆటైనా, అన్నమైనా వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. ఒకసారి ఏం చూస్తున్నావని అడిగాను.

“జరగమన్నాను గానీ, ఎక్కడికి జరగాలో చెప్పలేదురా ఆయనకి,” అన్నాడు.