తెల్లరంగు దిద్దిన సుద్దగీత

ఆ మెకానిక్‌ని ఊళ్లో అందరూ సుద్దముక్క మేస్త్రి అంటారు. కారు షెడ్డుకు వస్తే ఇంజన్ ఆయిల్, బ్రేకులు, రేడియేటర్‌లో నీళ్లు, టైర్లు అన్నీ చూసి, చివర్లో చెవి మీద దోపుకున్న సుద్దముక్క తీసి ముందు టైరు పక్కభాగం మీద ఒక గీత గీస్తాడు. గీసి అందరికీ ఒకే మాట చెబుతాడు. "ఈ గీత చెరిగిపోతే మళ్లీ ఒకసారి చూపించుకోమని అర్థం." రోజూ తిరిగే కారైతే గీత నెలకు మించి నిలవదు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట చెబుతున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఎవరూ చెవిన పెట్టలేదు.

అందుకే ఆయనకు ఎప్పుడూ చిరాకు. దానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు, అవే చక్రాల మీద దొర్లుకుంటూ షెడ్డుకు వస్తాయి. లెక్కల టీచరమ్మ, బ్రేకులు కీచుమంటుంటే నాలుగు నెలలు రేడియో సౌండు పెంచుకుని తిరిగింది. "అరుపు వినపడ్డం మానేసిందండీ, దానంతటదే తగ్గిందనుకున్నా" అంది. మందుల షాపాయన, డాష్‌బోర్డు మీద ఎర్రదీపం కళ్లలో గుచ్చుకుంటోందని దాని మీద గాయాలకు వేసే ప్లాస్టర్ అంటించాడు. "దెబ్బ తగిలింది దీపానికి కాదు సార్, ఇంజన్‌కి! మీతో వేగలేక చస్తున్నాను" అని మేస్త్రి నెత్తీనోరూ బాదుకున్నాడు. షాపాయన చక్కగా నవ్వి, ప్లాస్టర్ పీకకుండానే వెళ్లిపోయాడు.

వీళ్లందరూ ఒక ఎత్తు, బావమరిది ఒక్కడూ ఒక ఎత్తు.

భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. తొమ్మిదేళ్ల కిందట కొత్త కారు కొన్నాడు. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే దాన్ని కడుగుతాడు, తుడుస్తాడు, మీద గుడ్డ కప్పుతాడు. ఆదివారం గుడ్డ తీసి, వీధి చివరిదాకా నడిపి, వెనక్కి తెచ్చి, మళ్లీ కడుగుతాడు. సీట్ల మీద షోరూం వాళ్లు వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ తియ్యలేదు. ఎండాకాలంలో వాటి మీద కూర్చుని లేస్తే సగం తోలు అక్కడే ఉండిపోయినట్టుంటుంది. "కారు తిరగడానికి కొన్నావురా, కాపలా కాయడానికి కాదు" అని మేస్త్రి చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. గోడకు చెప్పినా అది కాస్త ఆలోచించేదేమో.

అలాంటి కారులో ఇప్పుడు మూడు వందల కిలోమీటర్లు వెళ్లాల్సి వచ్చింది. అత్తగారికి కంటి ఆపరేషన్. నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగితే పెద్దాసుపత్రి వాళ్లు సోమవారం పదకొండింటికి రమ్మన్నారు. అమ్మను తన కారులోనే తీసుకెళతానని బావమరిది పట్టుబట్టాడు. తోడుగా మేస్త్రి భార్య, కూతురు. తెల్లవారగానే ప్రయాణం. "వాడి కారు ఒక్కసారి చూద్దురు, రండి" అని ఆదివారం మధ్యాహ్నం భార్య పిలిస్తే, మేస్త్రి గొణుక్కుంటూనే ఆమె వెంట బావమరిది ఇంటికి వెళ్లాడు.

కారు అద్దంలా మెరుస్తోంది. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని వెనక టైరు చూశాడు. గాడులు లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. పక్కభాగం మీద మాత్రం సన్నటి పగుళ్లు. ఒక పగుల్లో బొటనవేలి గోరు పెట్టి నొక్కితే దిగింది. టైరు మీద నాలుగంకెల నంబరు వేలితో తడిమాడు. మొదటి రెండంకెలు తయారైన వారం, తరువాతి రెండు సంవత్సరం. తొమ్మిదేళ్లు దాటాయి. నాలుగూ అంతే. డిక్కీలో స్టెప్నీ కూడా అంతే.

"వీటితో వెళ్లడానికి వీల్లేదు" అన్నాడు మేస్త్రి.

"అదేంటి బావా! బొత్తిగా అరగలేదు, చూడు!"

"అరక్కపోయినా ముసలివవుతాయిరా. రబ్బరు ఎండిపోయింది. ఎండలో హైవే స్పీడులో రెండు గంటలు పోతే పేలిపోతుంది. లోపల మీ అమ్మ ఉంటుంది, మీ అక్క ఉంటుంది, నా కూతురుంటుంది."

"నువ్వే చూసి బాగున్నాయన్నావుగా! ఇదిగో, నీ గీత." బావమరిది మేస్త్రి చెయ్యి పట్టుకుని ముందు టైరు దగ్గరకు లాక్కెళ్లాడు.

గీత నిజంగానే ఉంది. తెల్లగా, దిట్టంగా, నిన్న గీసినట్టుంది. ఈ కారుకు తాను గీత గీసి మూడేళ్లయింది. మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు.

"రోజూ కడుగుతాను కదా, చెరిగిపోతుందని పెయింటరు చేత తెల్లరంగుతో దిద్దించాను. చెక్కుచెదరలేదు!" అన్నాడు బావమరిది, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. "చెరిగిపోవడానికేరా అది గీసేది! చెరిగితే మళ్లీ చూడాలని! నీతో వేగలేక చస్తున్నాను."

అరిచాక ఆ రోజు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ఈ ఇంటికే భోజనానికి వచ్చాడు. పొద్దుటినుంచీ ఆరు కార్ల కింద దూరి నడుం పట్టేసి ఉంది. వీడు చెయ్యి కడుక్కోనివ్వకుండా "టైర్లు చూడు బావా, ఒక్కసారి చూడు బావా" అని ప్రాణం తీశాడు. పోరు పడలేక, వంగి చూడకుండానే, కాలి దగ్గరున్న టైరు మీద ఒక గీత బరికి "కొత్తవాటిలా ఉన్నాయిరా, వదిలేయ్" అన్నాడు. అన్నం దగ్గర కూర్చునేసరికి ఆ సంగతే మరిచిపోయాడు.

అరుపులు విని భార్య ఇంట్లోంచి బయటికి వచ్చింది. ఆమె భుజం పట్టుకుని అత్తగారు.

"చూడక్కా, ఆ రోజు బాగున్నాయన్నాడు, ఈ రోజు పేలిపోతాయంటున్నాడు" అన్నాడు బావమరిది. "అప్పుడు బాగున్నవి, నీడపట్టున కదలకుండా ఉన్నవి, మూడేళ్లలో ఏం పాడవుతాయి? ఒక్క రోజు ప్రయాణమేగా. రేపు తప్పితే మళ్లీ నాలుగు నెలలు తిరగాలి. అమ్మ కన్ను అన్నాళ్లు ఆగదు."

భార్య మేస్త్రి వంక చూసింది. ఆమె కూడా తమ్ముడి మాట నమ్ముతోందని ఆయనకు తెలిసిపోయింది. నమ్మక ఏం చేస్తుంది? ఊరంతా ఆ గీతను నమ్ముతుంది. ఈ మూడేళ్లలోనే పాడయ్యాయి అని ఒక్క ముక్క అంటే ఆయన పరువు నిలుస్తుంది. కానీ ఆ ముక్కతో ఈ మొండివాడు ఆగడు, పొద్దున్నే బండి తీస్తాడు. 

"ఆ రోజు నేను చూడలేదు" అన్నాడు. "చూడకుండానే గీశాను."

బావమరిది ముఖం వంక చూడలేకపోయాడు మేస్త్రి. చిన్నపిల్లాడి చేతిలో బొమ్మ లాక్కున్నట్టు అయిపోయింది ఆ ముఖం.  మాట్లాడింది అత్తగారే.

"కళ్లు కనపడనిది నాకొక్కదానికే అనుకున్నాను" అంది ఆవిడ. మెల్లగా అడిగింది. "ఇంకా ఎన్నింటికి గీశారు బాబూ, అలాగ?"

మేస్త్రి డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీశాడు.

టైర్ల షాపాయన ఇంటికి వెళ్లి, మధ్యాహ్నం నిద్రలో ఉన్నవాణ్ణి లేపి, షాపు తెరిపించారు. బావమరిది వంగి ప్రతి కొత్త టైరు మీదా నంబరు పైకి చదివాడు. ఒకటి మూడేళ్ల నాటిది తేలితే వెనక్కి పంపాడు.  పని అయ్యాక మేస్త్రి అలవాటుగా చెవి మీదికి చెయ్యి పోనిస్తే, "వద్దులే బావా, నేను చూసుకున్నాను" అన్నాడు. మేస్త్రికి అది తగలాల్సిన చోటే తగిలింది.

మర్నాడు పదిన్నరకు కూతురు ఫోను చేసింది. క్షేమంగా చేరారు, అమ్మమ్మను లోపలికి తీసుకెళ్లారు. ఫోను జేబులో పెట్టుకుంటుండగానే, గాలి కొట్టించుకోవడానికి లెక్కల టీచరమ్మ వచ్చింది. ఆమె టైరు మీద ఆయన గీత ఉంది, పది రోజుల నాటిది. ఆ రోజు షెడ్డు ముందు ఏడు కార్లు వరసలో ఉన్నాయి. ఈ కారు బ్రేకులు చూశాడా? చూసే ఉంటాడు. చూశాడా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. గట్టిగా చెప్పలేకపోయాడు.

తడిగుడ్డ తెచ్చి గీత తుడిచేశాడు.

"అదేంటండీ, చెరిపేస్తున్నారు? మొన్ననేగా చూశారు!"

"మళ్లీ చూస్తానమ్మా. చక్రాలు విప్పాలి, ఒక గంట పడుతుంది."

"నాకు క్లాసుంది! రమ్మన్నప్పుడు రాకపోతే తిడతారు, వస్తే వదలరు. మీతో వేగలేక చస్తున్నానండీ!"

మేస్త్రి జాకీ తెచ్చి కారు కింద పెట్టాడు.