మరువపు రెమ్మ

గుడియాత్తం బస్టాండులో పూలామె దగ్గర ఒక మరువపు రెమ్మ కొని జేబులో పెట్టుకోనిదే ఏసుదాస్ వేలూరు బస్సు ఎక్కేవాడు కాదు. కాలేజీ ల్యాబులో నమూనాలు చెడకుండా వాడే ఘాటైన విషపు ద్రావణం, ఫార్మలిన్ డబ్బాలన్నీ ఇరవై ఆరేళ్లు ఆయన చేతికిందే ఉండేవి. తలుపు తెరిచే ముందు ప్రభువును తలచుకుని, రెమ్మను నలిపి వాసన చూసేవాడు. ముక్కు సరిగ్గా ఉందని తెలిశాకే గడపలో నిలబడి లోపలి గాలిని పసిగట్టేవాడు. ఘాటు తగిలితే బయటి స్విచ్చుతో ఫ్యాను వేసి, "కొంచేపు ఉండండి నాయనా, చదువు యాడికీ పోదు" అని పిల్లలను వరండాలో కూర్చోబెట్టేవాడు.

ఉద్యోగంలో చివరి ఏడాది ఒక సోమవారం మరువం వాసన రాలేదు. "నిన్నటి సరుకు అంటగట్టినాది పూలామె" అని విసుక్కుంటూ లోపలికి పోయాడు. వెనకే చీపురుతో వచ్చిన, ల్యాబు ఊడ్చే కోకిల కళ్లు తుడుచుకుంటూ కేకేసింది. "అయ్యో అన్నా, డబ్బా కారతా ఉండాది! ఈ ఘాటులో ఎట్లా నిలబడినావు?"

ఆమెను బయటికి తెచ్చి తలుపు మూసి, ఫ్యాను వేశాక, ఆయన జేబులోని రెమ్మ తీసి ఆమె చేతికిచ్చాడు.

"గుమ్మంటా ఉండాది కదన్నా. ఇప్పుడే తుంచినట్టుండాది."

ఏసుదాస్ ఆ రెమ్మను తీసుకుని మళ్లీ నలిపి ముక్కుకు ఆనించుకున్నాడు; ఏ వాసనా తగల్లేదు.

"ఇన్నేండ్లు కాచుకున్న పిల్లోళ్లమ్మా. వాళ్లకేమన్నా అయితే దేవునికి ఏం జవాబు చెప్పేది? కాలేజీ పెద్దసారుకు నా ముక్కు సంగతి ఈ పొద్దే చెప్తాను. నా బదులు ఇంకో మనిషి వచ్చేదాకా నాకొక ఉపకారం చెయ్యి తల్లీ. గడప దాటొద్దు. రోజూ పొద్దున నా పక్కన నిలబడి, నువ్వు వాసన చూసి చెప్పు."